మా పాప మూడు వారాలుగా రాకెట్ ముట్టుకోవట్లేదు. ఏం చేయాలో చెప్పండి

గుంటూరు_నాన్న · ఆదివారం రాత్రి 10:52

అందరికీ నమస్కారం. ఇక్కడ మీరంతా రాసేవి చాలా రోజులుగా చదువుతున్నాను. నేను రాయడం ఇదే మొదలు.

మా పాపకు 13 ఏళ్లు. బ్యాడ్మింటన్ ఆడుతుంది. ఏడో ఏట గుంటూరులో వేసవి క్యాంపులో చేర్పించాం. క్యాంపు అయిపోయిన రోజు ఇంటికి రానని ఏడ్చింది. అప్పటి నుంచి ఆటే లోకం. పదో ఏట జిల్లాలో గెలిచింది. రెండేళ్ల క్రితం ఆమె కోసమే హైదరాబాద్ మారాం. నేను బదిలీ చేయించుకున్నాను. మా ఆవిడ స్కూల్లో టీచర్‌గా చేసేది, ఉద్యోగం మానేసింది.

పొద్దున నాలుగుంపావుకి లేస్తుంది. 5 నుంచి 7 దాకా అకాడమీ. స్కూలు. మళ్లీ సాయంత్రం 4:30 నుంచి 7 దాకా అకాడమీ. వారానికి ఆరు రోజులు. ఆదివారం టోర్నమెంట్ లేకపోతే ట్యూషన్.

మూడు వారాల కింద సోమవారం పొద్దున కడుపునొప్పి అంది. మర్నాడు తలనొప్పి. మూడో రోజు ఏ నొప్పీ చెప్పలేదు, "నేను రాను నాన్నా" అని గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పటి నుంచి కిట్ బ్యాగ్ చెప్పుల స్టాండ్ వెనకే ఉంది.

అంతకుముందు రెండు నెలలుగా ఆట కూడా పడిపోయింది. క్వార్టర్ ఫైనల్స్ దాకా ఆడే పిల్ల మొదటి రౌండ్లోనే ఓడిపోయి వస్తోంది. ఓడినా బాధ లేదు, అదే నాకు భయం వేసింది. కొత్త రాకెట్ కొన్నాను. సింధు రియో ఫైనల్ వీడియో పెట్టాను. కోప్పడ్డాను. బతిమాలాను. వచ్చే నెల స్టేట్ ర్యాంకింగ్ టోర్నమెంట్ ఉంది, ఎంట్రీ కట్టాలి.

మోటివేషన్ మళ్లీ ఎలా తెప్పించాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పట్టుదల_9 · ఆదివారం రాత్రి 11:20

అన్నా, మూడు వారాలు ఎలా ఊరుకున్నారు? ఈ వయసులో పిల్లలకు అన్నీ బోరే. ఇవాళ ఆట బోరు, రేపు చదువు బోరు. సింధు మారేడ్‌పల్లి నుంచి గచ్చిబౌలికి రోజూ వచ్చి వెళ్లేది. రానూపోనూ 56 కిలోమీటర్లని పేపర్లో చదివాను. రియో ఒలింపిక్స్‌కి ముందు కోచ్ గోపీచంద్ గారు ఆమె ఫోన్ మూడు నెలలు తీసేసుకున్నారు. అలా ఉంటేనే పతకాలు వస్తాయి.

మా వాడు టెన్నిస్. వయసు 14. జ్వరమొస్తే తప్ప ఒక్కరోజు మానింది లేదు. మీరు మీ ఆవిడ ఉద్యోగం వదులుకున్నారు, ఊరు వదులుకున్నారు. ఆ కష్టం పాపకి తెలియాలి కదా. కూర్చోబెట్టి గట్టిగా చెప్పండి.

కూతపెట్టు · సోమవారం ఉదయం 6:05

పట్టుదల గారూ, సింధు పేరు ఎత్తారు కాబట్టి మిగతా సగం నేను చెప్తాను. వాళ్లమ్మానాన్నలు ఇద్దరూ వాలీబాల్ ప్లేయర్లు. వాళ్ల నాన్న రమణ గారు 1986 సియోల్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టులో ఉన్నారు. ఇంట్లో నెట్టూ బంతీ ఉండగా ఆ పిల్ల వాలీబాల్ పట్టలేదు. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచినప్పుడు చూసి బ్యాడ్మింటన్ ఎంచుకుంది. వాళ్లు సరే అన్నారు. ఆ 56 కిలోమీటర్లూ తను ఎంచుకున్న ఆట కోసం. ఆ సంగతి వదిలేసి కిలోమీటర్లు మాత్రమే చెప్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే.

నేను కృష్ణా జిల్లాలో పీఈటీని. ఒకప్పుడు కబడ్డీ ఆడాను. ఇరవై రెండేళ్లుగా పిల్లల్ని చూస్తున్నాను. బద్ధకంతో మానేసిన పిల్లవాడికి ముందురోజు దాకా ఆట మీద మనసు పెద్దగా ఉండదు. బాగా ఆడి, ఆట కోసం ఏడ్చి, ఒక రోజు హఠాత్తుగా మానేసిన పిల్ల దగ్గర మాత్రం లోపల ఏదో విరిగి ఉంటుంది. గుంటూరు నాన్న గారూ, ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి. "నీ కోసమే ఊరు మారాం" అని పాప ముందు ఎన్నిసార్లు అని ఉంటారు?

గుంటూరు_నాన్న · సోమవారం ఉదయం 7:31

మాస్టారూ, లెక్క పెట్టలేదు. ఓడిపోయి వచ్చిన ప్రతిసారీ కారులో అని ఉంటాను. చుట్టాలు వచ్చినప్పుడు గర్వంగానే చెప్పేవాణ్ణి, "పాప కోసం అన్నీ వదిలేసి వచ్చాం" అని. పాప పక్కనే ఉండేది.

పిల్లల_డాక్టర్_రాజమండ్రి · సోమవారం మధ్యాహ్నం 2:10

ముందు ఒంటి సంగతి చూడండి, తర్వాత మనసు సంగతి.

మీరు చెప్పిన టైమింగ్స్ కలిపాను. రోజుకు నాలుగున్నర గంటలు, ఆరు రోజులకు 27 గంటలు. అమెరికాలో క్రీడా వైద్యులు ఒక సులువైన కొలత చెబుతారు. పిల్లకు ఎన్నేళ్లో, వారానికి ఒకే ఆటలో అంతకన్నా ఎక్కువ గంటల సాధన వద్దని. మీ పాపకు 13. దానికి రెట్టింపు దాటింది. అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ సలహా ఇంకొకటి ఉంది. వారానికి ఒకటి రెండు రోజులు సెలవు, ఏడాది మొత్తంలో విడివిడిగానైనా రెండు మూడు నెలలు ఆ ఆటకు పూర్తిగా దూరం. ఆ దూరంగా ఉండే రోజుల్లో పిల్లలు వేరే ఏమైనా ఆడుకోవచ్చు.

నిద్ర లెక్క కూడా చూడండి. 13 ఏళ్ల నుంచి 18 ఏళ్ల దాకా రోజుకు 8 నుంచి 10 గంటలు కావాలి. నాలుగుంపావుకి లేచే పిల్ల రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి. ఏడింటికి అకాడమీ వదిలితే, ట్రాఫిక్, స్నానం, భోజనం, హోంవర్క్ అయ్యి ఎనిమిదింటికి పడుకోవడం హైదరాబాద్‌లో అయ్యే పనేనా?

రక్తపరీక్ష చేయించండి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తహీనత మనకు బాగా ఎక్కువ. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువ ఉంటే కోర్టులో కాళ్లు లాగేస్తాయి, ఆయాసం వస్తుంది. చూసేవాళ్లు దాన్ని బద్ధకం అనుకుంటారు. థైరాయిడ్, విటమిన్ డి కూడా చూడమనండి. నెలసరి మొదలైందా, సక్రమంగా వస్తోందా అన్నది అమ్మ అడగాలి. ఎక్కడైనా నొప్పి దాచిపెట్టి ఆడుతోందేమో కూడా అడగండి. నొప్పి అంటే జట్టులోంచి తీసేస్తారని పిల్లలు చెప్పరు.

గుంటూరు_నాన్న · సోమవారం రాత్రి 9:48

డాక్టర్ గారూ, చాలా థాంక్స్. సాయంత్రమే శాంపిల్ ఇచ్చాం. మా ఇంట్లో పదిన్నరకి పడుకుంటుంది. అంటే ఆరు గంటల నిద్ర కూడా లేదు. రెండేళ్లుగా.

ఫ్రిస్కో_అమ్మ · మంగళవారం ఉదయం 8:15

మేం టెక్సాస్‌లో ఉంటాం. ఇక్కడి తెలుగువాళ్ల పరిస్థితి కూడా ఇదే, ఆట పేరు మాత్రమే వేరు. మా బాబు సాకర్ ట్రావెల్ టీమ్‌లో ఆడేవాడు. శనివారం వచ్చిందంటే మూడు గంటలు డ్రైవ్, మోటెల్, ఆట, మళ్లీ డ్రైవ్. పన్నెండో ఏట మానేశాడు. నేను కూడా మీలాగే కంగారు పడ్డాను. ఏడాది పాటు వాడు సైకిల్ తొక్కాడు, ట్రంపెట్ నేర్చుకున్నాడు. ఇప్పుడు హైస్కూల్లో పరుగు పందేల్లో పాల్గొంటున్నాడు. సాకర్ మళ్లీ ముట్టుకోలేదు. ముట్టుకోకపోయినా ఏమీ కాలేదు.

మీరు యాష్ బార్టీ సంగతి చదవండి. ఆస్ట్రేలియా టెన్నిస్ అమ్మాయి. 15 ఏళ్లకే వింబుల్డన్ జూనియర్ టైటిల్ గెలిచింది. 2014లో, 18 ఏళ్లకు, ఇక చాలని టెన్నిస్ ఆపేసింది. ఊళ్లు తిరగడం, ఒంటరితనం భరించలేకపోయింది. క్రికెట్ ఆడింది, బిగ్ బాష్ అనే ఆస్ట్రేలియా టీ20 లీగ్ ఆడవాళ్లకి మొదలైన మొదటి సీజన్లోనే, బ్రిస్బేన్ జట్టుకి. పదిమంది అమ్మాయిలతో కలిసి ఉండటం ఆమెకు నచ్చింది. 2016లో టెన్నిస్‌కి తిరిగొచ్చి 2019లో ఫ్రెంచ్ ఓపెన్, 2021లో వింబుల్డన్ గెలిచింది. 25 ఏళ్లకు, నంబర్ వన్‌గా ఉండగానే రిటైర్ అయ్యింది. ఆగడం, రావడం, వెళ్లడం మూడూ ఆమె ఇష్టమే.

మీ పాప కూడా తిరిగొచ్చి గెలుస్తుందని మాట ఇవ్వడానికి ఇది రాయలేదు. ఆగితే ఆట చచ్చిపోదని చెప్పడానికే.

పట్టుదల_9 · మంగళవారం ఉదయం 9:02

అక్కా, అమెరికాలో ఆట మానేస్తే ఇంకో దారి ఉంటుంది. ఇక్కడ మధ్యతరగతి వాడు ఏడాదికి లక్షలు పెట్టాడు. ఫెదర్ షటిల్ డబ్బాకి పన్నెండే ఉంటాయి, గట్టిగా ఆడితే రెండు రోజులు రావు. రాకెట్‌కి తీగలు కట్టించే గట్టింగ్ ఖర్చు, బూట్లు, ఊళ్లు తిరగడం. కనీసం స్పోర్ట్స్ కోటా అయినా రావాలి కదా. ఏడాది ఆపితే ర్యాంకింగ్ పోతుంది, వయసు విభాగం మారిపోతుంది. అండర్-15లో ఆడాల్సిన ఏడాది పోతే మళ్లీ రాదు. ఇది కూడా నిజమే, ఎవరూ రాయట్లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

లేన్4 · మంగళవారం సాయంత్రం 5:40

అంకుల్, నేను విశాఖలో స్విమ్మర్‌ని. 17 ఏళ్లు. 200 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఈదుతాను. పెద్దవాళ్ల మధ్య మాట్లాడుతున్నానని ఏమీ అనుకోకండి.

నాకు ఒక్కటే అడగాలనుంది. పొద్దున ప్రాక్టీస్ అయ్యాక మీ పాప ఎవరి పక్కన కూర్చుని టిఫిన్ తింటుంది?

మాకు పొద్దున ఐదింటికి పూల్. నీళ్లు చల్లగా ఉంటాయి. దూకాలంటే ఏడుపొస్తుంది. నేను ఎనిమిదేళ్లుగా దూకుతున్నది పతకం కోసం కాదు. గట్టు మీద మా నలుగురం కాళ్లు నీళ్లలో పెట్టి కూర్చుంటాం, ఒకళ్లు మూడు లెక్కపెడతారు, అందరం ఒకేసారి దూకుతాం. పోయినేడు మా రిలేలో ఇద్దరు మానేశారు. తర్వాత రెండు నెలలు నా టైమింగ్ కూడా పడిపోయింది. కోచ్ గారు స్టార్ట్ సరిచేశారు, టర్న్ సరిచేశారు. అది కాదని నాకు తెలుసు, చెప్పలేకపోయాను.

గుంటూరు_నాన్న · మంగళవారం సాయంత్రం 6:22

అమ్మా, నువ్వు అడిగింది నాకు తెలియదు. ఆమె బ్యాక్‌హ్యాండ్‌లో ఏం లోపముందో చెప్పగలను. రెండో గేమ్‌లో ఎప్పుడు అలిసిపోతుందో చెప్పగలను. ఎవరి పక్కన కూర్చుంటుందో తెలియదు.

షటిల్_కోచ్_బెజవాడ · మంగళవారం రాత్రి 10:30

ఈ పాప అడిగిన ప్రశ్న మేం కోచ్‌లం అడగాల్సింది.

లోపల ఎలా ఉంటుందో చెప్తాను. చాలా చోట్ల కోర్టులు ర్యాంకు ప్రకారం. ఒకటో నంబర్ కోర్టులో బాగా ఆడేవాళ్లు, ఆరో నంబర్లో కొత్తవాళ్లు. ప్రతి శనివారం లోపల మ్యాచ్‌లు, ఓడితే కింది కోర్టుకి, గెలిస్తే పైకి. శనివారం సాయంత్రం పిల్లలు ఇంటికి వెళ్లేటప్పటికి ఎవరు ఎవరిని దించారో అందరికీ తెలుసు. పన్నెండేళ్ల పిల్లకి ఇది చాలా బరువు. నేనూ ఇదే పద్ధతి నడిపాను, పదేళ్లు. ఓడినవాళ్ల చేత పది రౌండ్లు పరిగెత్తించాను కూడా. పిల్లలు కష్టపడుతున్నారని సంబరపడ్డాను. వాళ్లు గెలవడానికి కష్టపడలేదు, కిందికి పోకుండా ఉండటానికి కష్టపడ్డారు. ఆ రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం రెండోది మనిషిని తినేస్తుంది.

ఒక రోజు ఒక పిల్ల తన ఫ్రెండ్‌తో మ్యాచ్‌లో కావాలనే సర్వీసులు బయటికి కొట్టింది. పిలిచి గట్టిగా తిట్టాను. తర్వాత వాళ్లమ్మ చెప్పింది. ఆ ఫ్రెండ్ కింది కోర్టుకి వెళ్తే వాళ్ల నాన్న కొడతాడట, అందుకని ఓడిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు నుంచి రౌండ్లు తీసేశాను. శనివారం మ్యాచ్‌లు ఉన్నాయి, కానీ జోడీలు చీటీలు తీసి వేస్తాను, డబుల్సే ఎక్కువ. నాలుగు కోర్టులూ కలిసి షటిళ్లు ఏరాలి, మల్టీ షటిల్‌కి, అంటే వరసగా షటిళ్లు వేస్తుంటే కొట్టే సాధనకి, పిల్లలే ఒకరికొకరు ఫీడింగ్ ఇస్తారు (షటిళ్లు వేస్తారు). ఫీడింగ్ ఇచ్చేవాడికి ఎదుటివాడి ఆట అర్థమవుతుంది, సొంత ఆట కూడా బాగుపడుతుంది.

కొందరు తల్లిదండ్రులు "మా పిల్లని కిందివాళ్లతో ఎందుకు ఆడిస్తున్నారు" అని వేరే అకాడమీకి మార్చేశారు. ఫీజులు పోయాయి, ఆ నెల అద్దెకు ఇబ్బంది పడ్డాను. అయినా వెనక్కి వెళ్లలేదు.

ఓస్లో_తెలుగు · బుధవారం ఉదయం 11:50

నేను నార్వేలో ఉంటాను. ఇక్కడ పిల్లల ఆటలకు దేశమంతా ఒకే నియమావళి. 1987 నుంచి ఉంది, 2007లో పిల్లల హక్కులు చేర్చి మార్చారు. పిల్లలకు 11 నిండే ఏడాది రాకముందు ర్యాంకులు, ఫలితాల పట్టికలు పెట్టకూడదు. 13 నిండే ఏడాది రాకముందు జాతీయ పోటీలు లేవు. ఎంత సాధన చేయాలో, పోటీలో దిగాలో వద్దో పిల్లలే చెప్పొచ్చని అందులో రాసి ఉంది. మా అమ్మాయి స్కీయింగ్ క్లబ్‌లో మొదటి రెండేళ్లు ఎవరు ముందొచ్చారో మాకు ఎవరూ చెప్పలేదు. ఇంత మెత్తగా పెంచితే ఆడలేరు అనుకునేవాణ్ణి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలు వీళ్లవే. జనాభా చూస్తే మన ఒక్క హైదరాబాద్ అంత లేదు.

క్రీడామనసు · బుధవారం మధ్యాహ్నం 3:25

నేను వ్యాయామ విద్యలో పీజీ చేస్తున్నాను, నా అంశం ఇదే. కాస్త వివరంగా రాస్తాను.

బర్నౌట్‌ని, అంటే ఆటతో పూర్తిగా అలసి విసిగిపోవడాన్ని, కొలవడానికి రేడెకీ, స్మిత్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు 2001లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. అందులో మూడు సంగతులు చూస్తారు. ఒళ్లూ మనసూ ఎండిపోయినట్టు అలసట. ఎంత చేసినా ఏమీ సాధించట్లేదన్న భావన. మూడోది, ఆట మీద పట్టింపు పోవడం. "ఓడినా బాధ లేదు, అదే నాకు భయం వేసింది" అని నాన్న గారు రాశారు చూడండి, అది మూడోది. మొదటి రెండూ చాలామంది ఆటగాళ్లకు సీజన్ చివర వస్తూ పోతూ ఉంటాయి. మూడోది వచ్చిందంటే చాలా రోజులుగా జరుగుతున్నదని అర్థం.

దీని మీద రెండు రకాల ఆలోచనలు ఉన్నాయి. ఒకటి, ఒత్తిడి ఎక్కువ, విశ్రాంతి తక్కువ, అందుకే అని. రెండోది జే కోక్లీ అనే సామాజిక శాస్త్రవేత్త 1992లో చెప్పింది. చిన్నతనంలోనే ఆట వదిలేసిన మంచి ఆటగాళ్లను కలిసి మాట్లాడాడు. వాళ్ల ఇబ్బంది ఒక్క ఒత్తిడే కాదన్నాడు. తమ జీవితం తమ చేతిలో లేదు. ఆటగాడు అన్నది తప్ప తమకు వేరే గుర్తింపు లేదు. అందుకే బయటికి వచ్చేశారని. నాకు కోక్లీ మాటే ఎక్కువ నిజం అనిపిస్తుంది. ఎందుకంటే మనం సెలవు ఇస్తాం, పది రోజులు తిరుపతి, కొడైకెనాల్ తిప్పి తీసుకొస్తాం, మళ్లీ అదే కోర్టు, అదే మాట. పిల్ల ఇంకా తొందరగా మానేస్తుంది.

డెసీ, రయాన్ అనే మనస్తత్వవేత్తల సిద్ధాంతం ప్రకారం ఎవరికైనా ఒక పని మీద లోపలి నుంచి ఇష్టం నిలవాలంటే మూడు కావాలి. నా నిర్ణయం నాదే అన్న భావన, నాకు ఇది చేతనవుతోంది అన్న భావన, నాకంటూ మనుషులున్నారు అన్న భావన. మనం మధ్యదాని మీదే డబ్బంతా పెడతాం. లేన్4 అడిగింది చివరిదాని గురించి. తోటి పిల్లలతో స్నేహం సరిగ్గా ఉంటే ఆట మీద ఇష్టం నిలుస్తుందని, ఒత్తిడి తక్కువగా అనిపిస్తుందని పరిశోధనల్లో పదే పదే కనబడుతుంది. ఇక్కడ స్నేహం అంటే గుంపులో తిరగడం కాదు. "నేను ఓడినా నాతో మాట్లాడే ఒక్కళ్లు" అని.

గుంటూరు_నాన్న · గురువారం రాత్రి 11:36

రెండు రోజులుగా రాయలేదు. రాయడానికి చేతులు రాలేదు.

హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. ఇక్కడి డాక్టర్ గారు ఐరన్ మాత్రలు రాశారు, నెల తర్వాత మళ్లీ చూద్దామన్నారు.

లేన్4 అడిగిన ప్రశ్న మా ఆవిడని అడిగాను. తను వెంటనే ఒక పేరు చెప్పింది. పాప డబుల్స్ జోడీ. ఇద్దరూ ఒకే వయసు, రెండేళ్లుగా ఒకే జోడీ. ఆ పిల్ల టిఫిన్ డబ్బాలో పెసరట్టు మా పిల్ల తినేది, మా ఇడ్లీ ఆ పిల్ల తినేది. గ్రిప్ చుట్టడం మా పాపకి సరిగ్గా రాదు, వదులుగా చుడుతుంది. ఆ పిల్లే చుట్టేది, చివర టేపు దగ్గర చిన్న నక్షత్రం గీసి. ఇదంతా మా ఆవిడకి తెలుసు. "మీరెప్పుడూ అడగలేదు" అంది.

మూడు నెలల కింద ఒక టోర్నమెంట్‌లో సింగిల్స్ క్వార్టర్స్‌లో ఇద్దరికీ ఒకరితో ఒకరికి మ్యాచ్ పడింది. మా పాప ఓడిపోయింది. 21-19, 19-21, 22-20. నెట్ దగ్గర ఇద్దరూ కౌగిలించుకుని నవ్వుకున్నారు. నేను గ్యాలరీలోంచి చూశాను. మ్యాచ్ పాయింట్ పోగొట్టుకుని నవ్వుతోందేమిటి అని ఒళ్లు మండింది.

కారులో నేనన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. "ఆ పిల్ల నీ ఫ్రెండ్ కాదు. అది నీ సీటు లాక్కునే మనిషి. రేపటి నుంచి దాంతో తిరగడం మానెయ్యి." పాప ఏమీ అనలేదు. ఇంటికొచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మర్నాడు నేనే కోచ్ దగ్గరికి వెళ్లి డబుల్స్ జోడీ మార్పించాను. సింగిల్స్ మీద దృష్టి పెట్టాలని చెప్పి. ఆ పిల్ల నాన్న, నేను కూడా అప్పటి నుంచి పలకరించుకోవట్లేదు. గ్యాలరీలో ఆ చివర ఆయన, ఈ చివర నేను.

నేను పాప ఆటని బాగు చేస్తున్నాననుకున్నాను.

కూతపెట్టు · శుక్రవారం ఉదయం 5:50

బాబూ, ఇది రాయడానికి చాలా ధైర్యం కావాలి. నువ్వు చెడ్డ తండ్రివి కాదు, ముందు ఆ మాట మనసులోంచి తీసెయ్యి.

కబడ్డీలో మేం కూత పెట్టి వెళ్తే వెనక ఆరుగురు ఉన్నారన్న ధైర్యంతో వెళ్తాం. సింగిల్స్ ఆడే పిల్లకు కోర్టులో వెనక ఎవరూ ఉండరు. కాబట్టి కోర్టు బయటైనా ఉండాలి. ఉన్న ఒక్కళ్లనీ నువ్వు తెలియక తీసేశావు. తెలిసింది కదా. తెలిసినదాన్ని సరిచేసుకోవచ్చు.

పట్టుదల_9 · శుక్రవారం ఉదయం 8:44

అన్నా, మీ పోస్ట్ చదివి బాధేసింది. నిద్ర, రక్తం సంగతి డాక్టర్ గారు చెప్పింది వంద శాతం ఒప్పుకుంటాను. మా వాడికి కూడా ఆదివారం ఖాళీ ఇచ్చాను.

కానీ ఒక్కటి. పోటీ పోటీయే. ఇద్దరిలో ఒక్కరికే స్టేట్ టీమ్‌లో చోటు ఉంటే అప్పుడు స్నేహం ఏమవుతుంది? అది ముందే నేర్పాలి కదా పిల్లలకి?

షటిల్_కోచ్_బెజవాడ · శుక్రవారం ఉదయం 10:15

నేర్పాలి. స్నేహం తెంపి కాదు. స్నేహంలోనే ఓడటం, గెలవడం నేర్చుకుంటారు. ఆ పిల్లలిద్దరూ 22-20 మ్యాచ్ ఆడి నెట్ దగ్గర నవ్వుకున్నారు. మీరు అడుగుతున్నది వాళ్లకి అప్పటికే వచ్చు.

మన అమలాపురం సాత్విక్‌నే చూడండి. ముంబై చిరాగ్ శెట్టితో మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ జోడీ కట్టినప్పుడు ఇద్దరూ వెనక నుంచి స్మాష్ కొట్టే ఆటగాళ్లే. నెట్ దగ్గర ఎవరు ఆడాలి? భాషలు వేరు, ఊళ్లు వేరు. ఒకరి కోసం ఒకరు ఆట మార్చుకున్నారు. 2022లో థామస్ కప్ (దేశాల జట్ల పోటీ) గెలిచిన జట్టులో ఉన్నారు, 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ఆ అక్టోబర్‌లోనే ప్రపంచ నంబర్ వన్. మీ గుంటూరు శ్రీకాంత్ కూడా అన్న నందగోపాల్ వెనకే ఈ ఆటలోకి వచ్చాడు. మొదట్లో డబుల్సే ఆడేవాడు. గోపీచంద్ గారు తర్వాత సింగిల్స్‌కి మార్చారు. పక్కన మనిషి ఉండటం వల్ల వాళ్ల ఆట చెడిపోలేదు.

నాన్న గారూ, కోచ్ దగ్గర మీరు మార్పించినదాన్ని మీరే వెనక్కి మార్పించాలి. ఇంకో మాట, పాపని అడగకుండా అది కూడా చేయకండి.

లేన్4 · శుక్రవారం సాయంత్రం 6:01

అంకుల్, మీరు సారీ చెప్తే చాలా పెద్దగా చెప్పకండి. అమ్మానాన్న ఏడుస్తూ సారీ చెప్తే మాకు ఇంకా భయమేస్తుంది. మళ్లీ ఆడకపోతే మిమ్మల్ని బాధపెట్టినట్టు అనిపిస్తుంది. మామూలుగా చెప్పండి. తర్వాత ఆట గురించి ఏమీ అడగకండి, కొన్ని రోజులు.

గుంటూరు_నాన్న · మరుసటి వారం, మంగళవారం రాత్రి 10:20

నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. శనివారం పొద్దున పాప, నేను కూరగాయలకి వెళ్లాం. బెండకాయలు ఏరుతూ చెప్పాను. "ఆ రోజు కారులో నేనన్న మాట తప్పు. నీ ఫ్రెండ్ నీ ఫ్రెండే. జోడీ మార్పించింది నేనే." పాప బెండకాయ తోక విరిచి చూసి "ఇది ముదిరింది నాన్నా" అంది. అంతే. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం బైక్ మీద నా భుజం పట్టుకుని కూర్చుంది. చాలా రోజులైంది అలా కూర్చుని.

ఆదివారం ఆ పిల్ల నాన్నకి ఫోన్ చేశాను. నేను చెప్పేలోపే ఆయన అన్నాడు, వాళ్లమ్మాయి కూడా పొద్దున లేవనంటోందని. ఆయనా కారులో ఇలాంటిదే ఏదో అన్నాడట. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడాలో తెలియక అలాగే ఉన్నాం.

నిన్న సాయంత్రం వాళ్లు మా ఇంటికి వచ్చారు. పిల్లలిద్దరూ మొదట పావుగంట అటొకరు ఇటొకరు కూర్చున్నారు. తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. లోపల నుంచి నవ్వులు వినిపించాయి. మా ఆవిడ పెసరట్లు వేస్తూ వేస్తూ స్టవ్ దగ్గరే ఏడ్చేసింది. వాళ్లు వెళ్లాక చూస్తే కిట్ బ్యాగ్ చెప్పుల స్టాండ్ వెనక లేదు. గదిలో ఉంది. పాత రాకెట్‌కి కొత్త గ్రిప్ చుట్టి ఉంది, చివర టేపు మీద నక్షత్రం. నేను కొన్న కొత్త రాకెట్ కవర్ కూడా విప్పలేదు.

అకాడమీకి వస్తానని పాప అనలేదు. నేను అడగలేదు. వస్తే మాత్రం సాయంత్రం ఒక్క పూటే, వారానికి నాలుగు రోజులే అని నేనూ మా ఆవిడా అనుకున్నాం. పొద్దున పడుకోనీ. మా ఆవిడ జూన్ నుంచి ఇక్కడే ఒక స్కూల్లో చేరడానికి అప్లికేషన్ పెట్టింది.

ఈ సాయంత్రం ఇద్దరూ మా అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ప్లాస్టిక్ షటిల్‌తో ఆడారు. నెట్ లేదు. రెండు కార్ల మధ్య. లెక్క కూడా వేసుకోలేదు. నేను బాల్కనీలోంచి చూసి లోపలికి వచ్చేశాను.

పట్టుదల_9 · మంగళవారం రాత్రి 10:41

సంతోషం అన్నా. టోర్నమెంట్ ఎంట్రీ కట్టారా మరి?

గుంటూరు_నాన్న · మంగళవారం రాత్రి 10:55

ఇవాళ సాయంత్రం ఐదింటికి గడువు అయిపోయింది. కట్టలేదు తమ్ముడూ. ఆ టైమ్‌కి వాళ్లు కింద ఆడుతున్నారు.